మానా లాని అనే మనిషి లేదు

రెండువేల ఒకటి మార్చిలో ఒక శనివారం మధ్యాహ్నం, సిడ్నీలో కెల్లీవిల్‌కి దగ్గరగా ఉన్న ఒక బౌలింగ్ క్లబ్బులో, పూలచొక్కాలు తొడుక్కున్న నూటయాభై మంది చూస్తుండగా అన్వరీ బేగం ఒక కొయ్యస్తంభం నోట్లోంచి బీరు కొళాయిని ఊడబెరికి నేలకేసి కొట్టింది. ఆ స్తంభాన్ని చెక్కింది ఆమే. చూసినవాళ్లలో సగం మంది అదికూడా వేడుకలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు విన్నాకనే ఆమెకు అసలు కోపం వచ్చింది.

అన్వరీది నెల్లూరు జిల్లా ఉదయగిరి. ఆ ఊళ్లో కొన్ని ముస్లిం కుటుంబాలు తరతరాలుగా కొయ్య చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కి బతుకుతున్నాయి. పిడి మీద జాలీ పని, ఆకుతీగ పని, గొలుసు పని. ఒకే చెక్కముక్కలోంచి తెగకుండా గొలుసు తీస్తారు. ఆమె తండ్రి మస్తాన్ సాహెబ్‌కి నలుగురూ ఆడపిల్లలే. నలుగురికీ ఉలి పట్టడం నేర్పాడు. మూడోది అన్వరీ. ఎనిమిదేళ్లకే చెక్క చారలు ఎటు పోతున్నాయో వేలితో తడిమి చెప్పేది. చెంచా సరిగా రాకపోతే ఏడ్చేది కాదు, రెండు ముక్కలుగా విరిచి పొయ్యిలో పెట్టేది. "దీని కోపం దీని చేతిలో ఉంది, అదే దీనికి కూడు పెడతాది" అనేవాడు మస్తాన్ సాహెబ్.

కావలి సంబంధం చేసుకుని, భర్త రెహాన్‌తో హైదరాబాదులో పదకొండేళ్లు కాపురం చేసి, తొంభైతొమ్మిది జనవరిలో కూతురు హీనాని తీసుకుని సిడ్నీ వచ్చింది. ఎయిర్‌పోర్టులో క్వారంటైన్ ఆఫీసరు ఆమె పెట్టె తెరిచి ఏడు ఉలులు, ఒక బాడిస, రెండు ఆకురాళ్లు బయటికి తీసి, పిడుల్లో పురుగేమైనా ఉందేమోనని ఒక్కొక్కటీ వెలుతురులో పెట్టి చూశాడు. ఆ అరగంటా ఆమె అతని చేతుల్నే చూస్తూ నిలబడింది. అతను పదును వైపు వేలు పెట్టబోతే "నో!" అని అరిచింది. ఆ దేశంలో ఆమె పలికిన మొదటి మాట అదే.

రెహాన్ చేసే పని ఆమెకి తొందరగానే అర్థమైంది. ఎప్పుడో రాసిన ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే పెట్టారు. కొత్త శతాబ్దం వస్తే కంప్యూటర్లు తికమకపడతాయి. అందుకని ఒక బ్యాంకు కోసం లక్షల లైన్లు వెతికి దిద్దాలి.

"ఎవురో అశ్రద్ధగా చేసిపోయిన పనిని మీరు సాపు చేస్తుండారా?" అంది.

"అంతేలే" అన్నాడు రెహాన్. అతను నెమ్మదైన మనిషి. ఎవరేమన్నా ముందు అంతేలే అంటాడు.

కెల్లీవిల్‌లో వాళ్లకి కారు లేదు గాని, అద్దెకున్న ఇంటికి గరాజు ఉంది. అన్వరీ అందులో పీట వేసుకుంది. ఆ చుట్టుపక్కల క్యాంఫర్ లారెల్ అనే చెట్టు కలుపు కింద లెక్క. కౌన్సిల్ వాళ్లు కొట్టి దుంగల్ని రోడ్డు పక్కన పడేసేవాళ్లు. కోస్తే కర్పూరం వాసన, నున్నగా తేలే చెక్క. అంత మంచి కలపని అట్లా పారేయడం చూసి మొదట తిట్టుకుంది, తర్వాత షాపింగ్ ట్రాలీ ఒకటి తోసుకుంటూ పోయి తెచ్చుకోవడం మొదలుపెట్టింది.

ఆ గరాజుకి మనుషుల్ని తీసుకొచ్చింది బాలమురళి. గుంటూరు కుర్రాడు, రెహాన్‌తో పాటు అదే కాంట్రాక్టు మీద వచ్చి, ఏడాది తిరక్కుండానే ఉద్యోగం వదిలేసి సొంతంగా వెబ్‌సైట్ల కంపెనీ పెట్టాడు. శుక్రవారాలు వీళ్లింట్లోనే భోజనం. పెళ్లి కాలేదు, అన్వరీని అక్కా అని పిలిచేవాడు. ఒకరోజు ఆమె చెక్కిన గొలుసు పిడి చూసి, "అక్కా, నాకో క్లయింట్ ఉన్నాడు. టికి పిచ్చోడు. మీ చేయి చూస్తే వదలడు" అన్నాడు.

"టికి అంటే?"

"చూపిస్తాగా, రండి."

ఆ పిచ్చోడి పేరు గ్రాహమ్. యాభై అయిదేళ్ల ప్లంబరు, ఎర్రటి మెడ, పెద్ద గొంతు. ఇంటి వెనక షెడ్డుని టికి బార్‌గా, అంటే పసిఫిక్ దీవుల వేషం వేసిన బార్‌గా మార్చుకున్నాడు. గోడలకి వెదురు, కప్పుకి ఎండుగడ్డి, ఉబ్బిన చేపల తోలులో బల్బులు పెట్టిన దీపాలు, అలమర నిండా కోరలు, గుడ్లురుముడు కళ్లు ఉన్న ముఖాల ఆకారంలో పింగాణీ కప్పులు. ఏడేళ్ల వయసులో వాళ్ల నాన్న అతన్ని ఇట్లాంటి ఒక రెస్టారెంటుకి తీసుకుపోయాడట. తర్వాత ఆ హోటళ్లన్నీ మూతబడ్డాయి. పడగొడుతుంటే చెత్తడబ్బాల్లోంచి ఏరి తెచ్చుకున్నవే ఆ దీపాలు. ఇప్పుడు ఇంటర్నెట్ వచ్చాక తనలాంటివాళ్లు దేశమంతా దొరికారు. అమెరికాలో ఇంకా ఎక్కువమంది ఉన్నారు. సిడ్నీలో నలభై మందితో ఒక క్లబ్ పెట్టాడు. నెలకొకసారి కలుస్తారు, పాత రికార్డులు పెట్టుకుంటారు, రమ్ము తాగుతారు, కప్పులు మార్చుకుంటారు. ఇదంతా చెప్తుంటే అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. అన్వరీకి ఆ మనిషి నచ్చాడు. చెత్తలోంచి మంచి వస్తువుని ఏరుకునేవాడు ఆమెకి పరాయివాడనిపించలేదు.

అతను తలుపుకి రెండువైపులా నిలబెట్టడానికి ముఖాల స్తంభాలు కావాలన్నాడు. అన్వరీ వెంటనే ఒప్పుకోలేదు. మస్తాన్ సాహెబ్ బతికున్నన్నాళ్లూ పువ్వు చెక్కాడు, తీగ చెక్కాడు, జీవమున్న రూపం మాత్రం చెక్కలేదు. అది మన పని కాదనేవాడు.

"ఈ ముఖం ఎవరిది?" అని తన వచ్చీరాని ఇంగ్లీషులో అడిగింది.

"ఎవరిదీ కాదమ్మా" అన్నాడు గ్రాహమ్ నవ్వుతూ. "అరవయ్యేళ్ల కింద కాలిఫోర్నియాలో బార్లవాళ్లు కల్పించుకున్నారు. దేవుడూ కాదు, దెయ్యమూ కాదు. సరదా, అంతే."

మూడురోజులు ఆలోచించింది. ఎవరి దేవుడూ కాకపోతే, ఎవరి ముఖమూ కాకపోతే, గుమ్మడికాయ మీద కళ్లు గీసినట్టే గదా అనుకుంది. తాగేది వాళ్లు, చెక్కేది తను. ఒప్పుకుంది.

కొత్త శతాబ్దం వచ్చింది. కంప్యూటర్లు తికమకపడలేదు. ఏప్రిల్‌లో రెహాన్ కాంట్రాక్టు ముగిసింది. కొన్నాళ్లు ఇంట్లో కూర్చుని, తర్వాత ఒక గిడ్డంగిలో పెట్టెలు ఎక్కించే పనికి పోయాడు. అప్పటికి అన్వరీ చెక్కిన స్తంభాలు బ్రిస్బేన్ దాకా, పెర్త్ దాకా పోతున్నాయి. బాలమురళి క్లబ్బుకోసం కట్టిన వెబ్‌సైట్‌లో ఆర్డర్లు వచ్చేవి. అతను నమూనా కాగితం తెచ్చేవాడు, ఆమె చెక్కేది. ఆ ఏడాదిన్నరలో పంతొమ్మిది ముఖాలు చెక్కింది. తండ్రి నేర్పిన ఆకుతీగ వాటి చెంపల మీదికి పాకింది. ఒక్కోసారి ఉలి పెట్టగానే చెక్క తనంతట తానే దారి ఇచ్చేది. అట్లాంటి రోజున వంట సంగతి కూడా మర్చిపోయేది.

నవంబరులో బాలమురళి ఒక ఫోటో ప్రింటు తెచ్చాడు. మార్చిలో క్లబ్బువాళ్ల పెద్ద పండగ ఉంది, దానికి ఆరడుగుల స్తంభం కావాలి. ఫోటోలో ఒక మనిషి ఆకారం. గవ్వపెంకుతో మెరిసే కళ్లు, బయటికి చాచిన నాలుక, కడుపు మీద మూడేసి వేళ్ల చేతులు, తొడల మీదా చెంపల మీదా ఒకదాంట్లోంచి ఒకటి పుట్టే సుడులు. అన్వరీ ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. అంతకుముందు తెచ్చినవన్నీ కార్టూన్లు. ఇది అట్లాంటిది కాదు. ఈ సుడులు తిప్పిన చేతికి నలభై ఏళ్ల పనితనం ఉంది.

"ఇది చెక్కినోడెవురో గాని, ఆ చేతిని కళ్లకద్దుకోవాల. ఇదీ బారుదేనా బాలా?"

"అన్నీ ఒకటే అక్కా. నెట్‌లో దొరికింది."

అనుమానం వచ్చింది. ఇంకోమాట అడగాల్సింది. అడగలేదు, ఎందుకంటే దాన్ని చెక్కాలని ఆమెకి అప్పటికే చేతులు దురదపెడుతున్నాయి. తర్వాత్తర్వాత ఆమె అందరినీ తిట్టింది గాని, ఈ ఒక్క సంగతికి తననే ఎక్కువ తిట్టుకుంది. పది వారాలు పట్టింది. ఆ పది వారాలూ తనకి తెలియని ఒక ఉస్తాదు దగ్గర పని నేర్చుకుంటున్నట్టే ఉండేది.

పండగరోజు గ్రాహమ్ తన వ్యానులో అన్వరీనీ హీనానీ తీసుకుపోయాడు. రెహాన్‌కి గిడ్డంగిలో షిఫ్టు. బౌలింగ్ క్లబ్ హాలు నిండా కాగితం పూలదండలు, గడ్డి లంగాలు, స్పీకర్లలో పక్షి కూతల సంగీతం. ఆమె స్తంభం బార్ పక్కన దుప్పటి కప్పుకుని ఉంది. అన్వరీ మంచి సల్వార్ కమీజ్ వేసుకుంది, ఆకుపచ్చది. తన పని నలుగురి ముందు పెట్టడం బతుకులో అదే మొదటిసారి.

పన్నెండేళ్ల హీనా టేబుల్ మీది కరపత్రం తీసి చదువుతూ ఆగిపోయింది.

"అమ్మీ, these are your hands."

నిజమే. ఉలి పట్టుకున్న చేతుల ఫోటో. ఎడమ చూపుడువేలి మీద తెగిన మచ్చ. ముఖం లేదు, చేతులే.

"ఏం రాసుండారు? చదువు."

హీనా ఇంగ్లీషులో చదివి, సగం తెలుగులో చెప్పింది. ఈ స్తంభాలు చెక్కిన కళాకారిణి పేరు మానా లాని. పసిఫిక్‌లో ఒక చిన్న దీవిలో పుట్టింది. తాత దగ్గర విద్య నేర్చింది. ఉలి పెట్టేముందు చెట్టు చెవిలో ప్రార్థన గుసగుసలాడుతుంది. బయటి మనుషులతో మాట్లాడదు.

"Who's Mana Lani?" అంది హీనా.

అంతలో పూలచొక్కా ఆవిడ ఒకతె వచ్చి అన్వరీ రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వేనా మానా? నీ భాషలో మాకు ఒక దీవెన చెప్పవా?" అంది. పాపం, నిజంగానే అడిగింది. అన్వరీ చేతులు విడిపించుకుని బాలమురళిని వెతుక్కుంటూ పోయింది. అతను ల్యాప్‌టాప్ ముందు నిలబడి ఎవరికో వెబ్‌సైట్ చూపిస్తున్నాడు. తెర మీదా అవే చేతులు.

"ఏంది బాలా ఇది?"

"అక్కా, అది... బ్రాండింగ్ అక్కా. జస్ట్ స్టోరీ. ఇక్కడ అందరూ ఐలాండ్ ఫీల్ కోసం వస్తారు. ఉదయగిరి అంటే ఎవడికి తెలుసు చెప్పండి?"

"తెలవకపోతే తెలిసేటట్టు రాయి. మా అబ్బాకి పేరు లేదా? మా ఊరు ఊరు గాదా?"

"మీకు ఇంగ్లీష్ రాదు, ఇంటర్వ్యూలు ఇవ్వలేరు, అందుకని ఎవరితో మాట్లాడదు అని పెట్టా. మీ మంచికే అక్కా. ఆర్డర్లు ఎన్ని వచ్చాయో చూడండి."

"నన్ను మూగదాన్ని చేసి, మళ్లీ నా మంచికంటావా?"

చుట్టూ మనుషులు చూస్తున్నారు. ఏ భాషో తెలియక, బహుశా ఇదే ఆ దీవి భాషేమోనని, నవ్వుముఖాలతో వింటున్నారు. ఆమె ఇంకేదో అనేలోపే మైకులో గ్రాహమ్ గొంతు వినిపించింది. మూడు లెక్కపెట్టి దుప్పటి లాగేశాడు. స్తంభం బయటపడింది. వెనకవాళ్లు కుర్చీలెక్కి చూశారు. అంత బాగుంది. తర్వాత గ్రాహమ్ ఒక గ్లాసు తీసుకుని స్తంభం నోటి దగ్గర పెట్టి మీట తిప్పాడు. చాచిన నాలుక కింద ఇత్తడి కొళాయి. ఆమె ఇచ్చినప్పుడు లేదది. తల వెనకనుంచి రంధ్రం తొలిచి గొట్టం వేశారు. బీరు నురగలు కక్కుతూ నోట్లోంచి గ్లాసులోకి పడింది. హాలు గోలెత్తిపోయింది.

వంటగదివైపు కిటికీలోంచి ఒక పెద్దావిడ ఇదంతా చూస్తోంది. ఏప్రన్ కట్టుకుని ఉంది, మెడలో ఆకుపచ్చ రాతిబిళ్ల. ఆమె పేరు మెరె. మావోరీ మూలవాసి, న్యూజిలాండ్‌నుంచి వచ్చి ఇరవయ్యేళ్లుగా ఆ బౌలింగ్ క్లబ్బులో వంటపని చూస్తోంది. చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి, గోల చేసేవాళ్లని పట్టించుకోకుండా స్తంభం ముందు నిలబడింది. తర్వాత అడిగింది:

"ఎవరు చెక్కారు దీన్ని?"

"నేను" అంది అన్వరీ.

మెరె ఆమెని తలనుంచి కాళ్లదాకా చూసింది. "నువ్వా మానా లానివి? ఆ పేరే తప్పు. ఈ పని మా మావోరీలది, ఆ పేరు ఇంకెక్కడో దీవులది."

"నేను మానా కాదు. అన్వరీ. ఇండియా."

"దేన్ని చూసి చెక్కావు?"

"ఫోటో. ఎవరిదీ కాదన్నారు. సరదాకన్నారు."

మెరె గొంతు పెంచలేదు. చిన్నపిల్లకి చెప్పినట్టు, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది. "ఆ ఫోటోలో ఉన్నది ఒకరి తాత. మా తాత కాడు, మా తెగవాళ్ల పని నాకు తెలుసు. కానీ ఎవరో ఒకరి తాత. అతని పేరు ఆ ఊళ్లో చిన్నపిల్లలకి కూడా వస్తుంది. పెద్దలు కూర్చునే ఇంట్లో గోడకి నిలబెడతారు. చనిపోయినవాళ్లని అతని ఎదురుగా పడుకోబెట్టి ఏడుస్తారు." "నీకూ తాత ఉండే ఉంటాడు. అతని నోట్లో కొళాయి పెట్టి ఎవరైనా తాగితే నువ్వేం చేస్తావు?"

అన్వరీ దుపట్టా నడుముకి బిగించి కట్టింది. బార్ దగ్గర వరసలో నిలబడ్డవాళ్లని మోచేత్తో తోసుకుంటూ పోయి, రెండు చేతులా కొళాయిని పట్టుకుని, స్తంభం పాదానికి కాలు తన్నిపెట్టి లాగింది. రెండోసారికి ఊడింది. బీరు చిమ్మి ఆమె ముఖం మీదా కమీజ్ మీదా పడింది. కొళాయిని నేలకేసి కొట్టింది.

చప్పట్లు.

ఈలలు కూడా వేశారు. ఎవరో "మా-నా! మా-నా!" అని మొదలుపెట్టారు. అన్వరీ గ్రాహమ్ చేతిలో మైకు లాక్కుంది. ఆమెకి వచ్చిన ఇంగ్లీషు తక్కువ. ఉన్నదంతా వాడింది. నా పేరు అన్వరీ బేగం. మా నాన్న మస్తాన్ సాహెబ్. మా ఊరు ఉదయగిరి, నెల్లూరు జిల్లా, ఆంధ్రప్రదేశ్, ఇండియా. నేను ఏ దీవిలోనూ పుట్టలేదు. మానా లాని అనే మనిషి లేదు. మీరు ఈయన నోట్లోంచి తాగారు. ఈయన ఒకరి తాత. అక్కడితో ఇంగ్లీషు అయిపోయింది. మిగతాది తెలుగులో తిట్టింది. "సిగ్గు లేదా మీకు? మీ ఇంట్లో పెద్దోళ్లు లేరా? ముసిలోళ్ల ముఖాలు మీకు ఆటబొమ్మలా?" ఆ మాటలు ఎవరికీ అర్థం కాలేదు గాని, చప్పట్లు ఆగిపోయాయి.

స్తంభాన్ని ఆమె, మెరె, హీనా కలిసి ఎత్తబోయారు. లేవలేదు. చివరికి బరువు వైపు పట్టుకున్నది గ్రాహమే. ముఖం కందగడ్డలా ఉంది. బయట మెరె వాళ్ల యూట్ అనే చిన్న ట్రక్కు వెనక దాన్ని పడుకోబెట్టారు. మెరె తన ఏప్రన్ విప్పి దాని ముఖం మీద కప్పింది.

"నేనేం చెయ్యాలి?" అని అడిగింది అన్వరీ.

"ఏమీ చెయ్యొద్దు. మా పెద్దాయన ఒకాయన ఉన్నాడు, ఆయనకి అప్పజెప్తాను. ఆ ఊరి వాళ్లని కనుక్కుంటారు. తర్వాతేమౌతుందో నీకు చెప్పాల్సిన పని లేదు."

"చెక్కింది నేను."

"అవును. అందుకే చెప్పాల్సిన పని లేదంటున్నా."

ఆ జవాబుకి అన్వరీకి మెరె మీద కూడా కోపం వచ్చింది. పది వారాల తన చేతిపని ఆ బండిలో పోతుంటే చూస్తూ నిలబడింది. న్యాయమని తెలిసినా కోపం కోపమే.

సాయంత్రం రెహాన్ షిఫ్టు దిగి వచ్చేసరికి ఆమె వంటింట్లో నిలబడే ఉంది. కమీజ్ మార్చుకోలేదు, బీరు వాసన కొడుతోంది. జరిగిందంతా చెప్పింది. రెహాన్ తలవంచుకుని విన్నాడు. ఆశ్చర్యపోలేదు. అది ఆమెకి కనపడింది.

"మీకు తెలుసా?"

అతను బూట్లు విప్పుకుంటున్నాడు.

"మిమ్మల్నే. తెలుసా?"

"చూసినాలే. ఆరునెలలైంది. బాలా చూపించినాడు."

"ఆరునెల్లు! ఆరునెల్లనుంచి నా పక్కన కూచుని అన్నం తింటుండారే! ఒక్కమాట చెప్పలేకపోయినారా?"

"ఏమని చెప్పేది అన్వరీ? నాకు పని లేకపోయె. నీకు పని జరుగుతుండాది. పేరుదేముందిలే అనుకున్నా." గొంతు తగ్గించి అన్నాడు. "నన్ను తెచ్చిన కన్సల్టెన్సీ వాళ్లు నా రెజ్యూమేలో ఏం రాసినారో తెలుసా? ఎనిమిదేళ్ల అనుభవం అని. నేను చూడని మిషన్లు, నేను పోని ఊర్లు. బ్యాంకులో ఉన్నన్నాళ్లూ నన్ను రే అని పిలిచినారు. నేనేమన్నా ఏడిస్తినా?"

"ఏడవాల్సింది" అంది అన్వరీ. "అప్పుడే ఏడ్చుంటే ఈరోజు నాకీ గతి పట్టేది గాదు."

రెహాన్ అంతేలే అనలేదు. వాళ్లిద్దరూ పదకొండు రోజులు హీనా ద్వారానే మాట్లాడుకున్నారు. హీనా విసుక్కుని, "Can you two just talk? I have homework" అన్నాక మెల్లిగా ఉప్పు కావాలా, తలుపు వేశావా దాకా వచ్చారు.

బాలమురళి ఆ వారమే వచ్చాడు, చేతిలో స్వీట్ల డబ్బా. అన్వరీ లోపలికి రమ్మనలేదు.

"సైట్ మార్చేశానక్కా. మీ పేరే పెట్టా. అన్వరీ, మాస్టర్ కార్వర్ ఫ్రమ్ మిస్టిక్ ఇండియా."

"మిస్టిక్ అంటే ఏంది?"

అతను చెప్పబోయి తడబడ్డాడు.

"నీకు మనుషుల్ని ఉన్నదున్నట్టు రాయడం రాదా బాలా? తీసెయ్. నా పేరూ వద్దు, నా చేతులూ వద్దు. ఆ ఫోటో ఎక్కడ దొరికిందో అడిగినానా లేదా నిన్ను? అన్నీ ఒకటే అన్నావే. నువ్వూ తెలంగాణోళ్లూ ఒకటే అంటే ఊరుకుంటావా? గుంటూరూ నెల్లూరూ ఒకటే అంటేనే ఒప్పుకోవే!"

డబ్బా అతని చేతిలోనే ఉంది. తలుపు వేసేసింది. ఆ తర్వాత తెలుగు సంఘం పిక్నిక్కుల్లో అతను ఎదురైతే ఆమె పక్కకి చూసేది. ఏడాది చివరికి అతని కంపెనీ మూతబడి మెల్‌బోర్న్ వెళ్లిపోయాడని ఆ సంఘంలోని కనకదుర్గ ఆంటీ చెప్పినప్పుడు, పాపం అనాలనుకుంది గాని మాట రాలేదు.

క్లబ్బువాళ్ల ఇంటర్నెట్ బోర్డు మీద మాత్రం పెద్ద రగడే జరిగింది. హీనా స్కూలునుంచి రాగానే చదివి వినిపించేది. పండగ పాడుచేసింది అన్నారు కొందరు. సరదాని అర్థం చేసుకోలేని మనిషి అన్నారు. ఎవరికీ హాని చెయ్యని పాత మోజుని మేం కష్టపడి బతికించుకుంటుంటే మధ్యలో ఈ రాజకీయాలేమిటన్నారు. ఆవిడ చెప్పింది నిజమే కదా, నేను నా కప్పులన్నీ తిరగేసి చూసుకున్నాను, వాటిలో కొన్ని ఎవరివో నాకు తెలియదు అని ఒకతను రాశాడు. అతన్ని మిగతావాళ్లు ఏకిపారేశారు. నూటనలభై సందేశాలు. హీనా అమ్మని అడక్కుండా ఒక జవాబు పెట్టింది: ఆమె నా అమ్మ, ఆమె పేరు రాయడం మీకు చేతకాకపోతే నన్నడగండి, అక్షరాలు చెప్తాను. అన్వరీ దాన్ని తెలుగులో రెండుసార్లు చెప్పించుకుంది.

గ్రాహమ్ మే నెలలో వచ్చాడు. గరాజు గుమ్మంలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. మానా లాని కథ అతనికీ నిజమనే చెప్పాడట బాలమురళి: ఆమె అసలు దీవిదే, ఇండియాలో పెళ్లి చేసుకుందని.

"నమ్మావా?" అంది అన్వరీ.

"నమ్మాలనిపించింది" అన్నాడు. కనీసం ఆ మాట నిజం చెప్పాడు. తర్వాత అన్నాడు, "మళ్లీ చెక్కు. నీ పేరు మీదే. ఎవరి తాతలూ కాకుండా, మేం కల్పించుకున్న ముఖాలే."

"ఏది కల్పించిందో ఏది కాదో నీకు తెలుసా?"

అతను నేలవైపు చూస్తూ "లేదు" అన్నాడు.

"నాకూ తెలియదు. ముఖాలు వద్దు. పువ్వు చెక్కుతా, తీగ చెక్కుతా, గొలుసు చెక్కుతా."

"అప్పుడది టికి కాదు కదా, అన్వరీ."

"కాదు."

అతను పోతూ పోతూ గుమ్మం పక్కన రెండు పెద్ద క్యాంఫర్ దుంగలు దించి పోయాడు. ఆమె వాటిని వారంరోజులు ముట్టుకోలేదు. వాన వస్తే తడుస్తాయని తిట్టుకుంటూ లోపలికి దొర్లించింది.

తర్వాతి ఏడాది ఆమెకి అక్కడి కమ్యూనిటీ కాలేజీలో శనివారం క్లాసు దొరికింది. పదిమంది విద్యార్థులు, ఎక్కువమంది రిటైరైనవాళ్లు. మొదటిరోజు కాగితం మీద ఆమె పేరు అన్నా అని ఉంది. ఆఫీసుకి పోయి, కొత్త కాగితం అచ్చువేసి ఇచ్చేదాకా అక్కడే నిలబడింది. క్లాసు ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. ఎవరేది చెక్కడానికి వచ్చినా ముందొక ప్రశ్న అడిగేది: ఈ నమూనా ఎక్కడిది, ఎవరిది? చెప్పలేనివాళ్లని ఉలి ముట్టనిచ్చేది కాదు. ఇద్దరు మానేశారు.

ఆ మార్చిలోనే ఒక శనివారం క్లాసు అయ్యాక, ఆ మధ్య కొన్న పాత కారులో హీనాతో బౌలింగ్ క్లబ్ మీదుగా వస్తూ, బయట పూలదండలు చూసి ఆగింది. హీనా వద్దంటున్నా లోపలికి పోయింది. బార్ పక్కన కొత్త స్తంభం ఉంది. ఎవరి తాతా కాదు, అది నిజం. పొట్ట, పళ్లు, బుర్ర మీద పైనాపిల్ ఆకులు. పాదం దగ్గర ఇత్తడి రేకు మీద చెక్కినతని పేరు, అతని ఊరు వొల్లంగాంగ్ అని కూడా రాశారు. వంటగది కిటికీలో మెరె లేదు. పని మానేసిందని తర్వాత తెలిసింది.

గ్రాహమ్ ఆమెని చూసి దగ్గరికి వచ్చాడు. ఏమంటుందోనని భయపడుతున్నట్టే ఉన్నాడు.

అన్వరీ వంగి స్తంభం దవడ మీద బొటనవేలితో రాసింది. చారలకి ఎదురు చెక్కాడు. అంచులన్నీ పేళ్లు లేచి ఉన్నాయి. ఆకురాయి పెట్టిన జాడే లేదు. చెక్క ఎండేకొద్దీ రెండేళ్లలో నిలువునా పగులుతుంది.

"పేరు పెట్టారు, బాగానే ఉంది" అంది. "పని మాత్రం దరిద్రం. వీడికి ఉలి ఎవరిచ్చారు?"

గ్రాహమ్ నవ్వాలో వద్దో తెలియక నిలబడ్డాడు. ఆమె నవ్వలేదు. బయటికి వచ్చి కారెక్కాక కూడా, ఇంటిదాకా, అంత మంచి కలపని నాశనం చేసిన ఆ వొల్లంగాంగ్ మనిషిని తిడుతూనే ఉంది.